విదేశీ పర్యాటకుల డబ్బు ఊళ్లో మిగలాలంటే ఏం చెయ్యాలి: పోచంపల్లి లాంటి చేనేత ఊళ్ల కోసం

విదేశీ పర్యాటకులు వస్తే దేశానికేం లాభం అని అడిగితే అందరూ మొదట చెప్పేది విదేశీ మారకద్రవ్యం గురించే. అది నిజం కూడా. 2019లో మన దేశానికి కోటీ 9 లక్షల మంది విదేశీయులు వచ్చారు. వాళ్ల వల్ల వచ్చిన ఆదాయం కేంద్ర పర్యాటక శాఖ లెక్క ప్రకారం సుమారు రూ. 2 లక్షల 11 వేల కోట్లు. సరుకు ఓడ ఎక్కకుండా మన గుమ్మం దగ్గరే జరిగిపోయే ఎగుమతి ఇది. కానీ అది ఢిల్లీలో కూడిన మొత్తం. అందులో గుంట మగ్గం ముందు కూర్చున్న మనిషికి ఎంత చేరిందో తేలాలంటే ఊళ్లో వేరే లెక్క వెయ్యాలి. ఆ వాటా దానంతట అది పెరగదు. ఊరే కూర్చుని ఏర్పాటు చేసుకోవాలి.

ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నది భూదాన్ పోచంపల్లి. హైదరాబాద్ నుంచి గంటన్నర దారి. 2021లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసిన ఊరు. కింద చెప్పినవి నేత ఊళ్లయిన పుట్టపాకకూ మంగళగిరికీ, అచ్చు అద్దకాల పెడనకూ, లక్క బొమ్మల ఏటికొప్పాకకూ కూడా పనికొస్తాయి. మగ్గం ఉన్నచోట అచ్చునో లక్క బొమ్మనో పెట్టుకుని చదువుకోండి.

ముందు లెక్క వెయ్యండి

ఇద్దరు అతిథులు ఉదయం హైదరాబాద్‌లో కారెక్కి వచ్చి, రెండు మగ్గాలు చూసి, ఒక దుపట్టా కొని, మధ్యాహ్నానికి తిరిగి వెళ్లారనుకుందాం. కారుకు రూ. 4,000, సిటీ గైడుకు 2,500, హైవే మీద భోజనానికి 1,200, దుపట్టాకు 1,800, టీకీ బక్షీసుకూ 100. మొత్తం రూ. 9,600. ఊళ్లో ఖర్చయింది 1,900. దుపట్టాలో నూలు, రంగులు బయటి నుంచి కొన్నవే కాబట్టి వాటికి 700 తీసెయ్యండి. మిగిలింది రూ. 1,200, అంటే ఎనిమిదో వంతు.

అదే ఇద్దరు ఒక్క రాత్రి ఉన్నారనుకోండి. కారుకు అదే 4,000. ఊరి గైడుకు 1,000, గది, రాత్రి భోజనం, టిఫిన్ కలిపి 3,500, మగ్గం మీద పూట నేర్చుకున్నందుకు ఇద్దరికీ కలిపి 2,000, మధ్యాహ్నం భోజనం 600, తీరిగ్గా చూసి కొన్న బట్టకు 6,000, పక్క ఊరికి ఆటో 800. మొత్తం రూ. 17,900. ఇందులో బయటికి పోయేవి కారు 4,000, నూలు, రంగులు 2,200, వంటకు బయట కొన్న సరుకులు 700, ఆటో పెట్రోలు 300, కలిపి 7,200. ఊళ్లో మిగిలేది రూ. 10,700, దాదాపు 60 శాతం.

ఈ ధరలు లెక్క చూపడానికి వేసినవి. మీ ఊరి ధరలతో మీరే వేసి చూడండి. ఎలా వేసినా తేలేది ఒకటే: వచ్చేవాళ్ల సంఖ్య రెట్టింపు చెయ్యడం కంటే వచ్చినవాళ్లను ఒక రాత్రి ఆపడం ఎక్కువ లాభం. ఇద్దరి కోసం రోడ్డు, నీళ్లు, మరుగుదొడ్డి చాలు. నలుగురొస్తే అవీ రెండింతలు కావాలి.

రాత్రి ఉండాలంటే గది ఎలా ఉండాలి

కొత్తగా కట్టక్కర్లేదు. ఇంట్లో ఒక గది, దానికి ఆనుకుని బాత్రూమ్ ఉంటే మొదలుపెట్టవచ్చు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకం కింద ఒక గది నుంచి ఆరు గదుల దాకా, మొత్తం 12 మంచాలకు మించకుండా నమోదు చేసుకోవచ్చు. యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలి. గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతులు. మొదటిసారి సిల్వర్‌కే వెళ్లండి.

అతిథి చూసేది పరుపు, బాత్రూమ్, దోమలు. ఈ మూడింటికి తప్ప మొదటి ఏడాది డబ్బు పెట్టకండి. మంచం పొడవు కనీసం ఆరున్నర అడుగులు ఉండాలి, చివర అడ్డు చెక్క ఉండకూడదు. ఆరడుగుల పైబడ్డ మనిషి మామూలు మంచం మీద కాళ్లు ముడుచుకుని పడుకుంటే తెల్లారి లేచి వెళ్లిపోతాడు. వెస్టర్న్ కమోడ్ తప్పనిసరి. పక్కనే టాయిలెట్ పేపరు, దానికి మూత ఉన్న బుట్ట, 'కాగితం కమోడ్‌లో వెయ్యకండి' అన్న బొమ్మ పెట్టండి. ఊరి ఇళ్లలో పైపులు సన్నవి, సెప్టిక్ ట్యాంకు చిన్నది. పేపరు పడితే పది రోజుల్లో నీళ్లు వెనక్కి తన్నుతాయి. చాలా హోమ్‌స్టేల్లో మొదట చెడేది ఇదే.

స్నానానికి బకెట్, చెంబు చాలు. కానీ నేల వాలు సరిగ్గా ఉండి నీళ్లు నిలవకుండా పోవాలి. తడి నేల వాళ్లకు అలవాటు లేదు, జారిపడతారు. కిటికీలకు జాలీ, మంచానికి దోమతెర, లోపలి నుంచి వేసుకునే గట్టి గడియ, ఫ్యానుకూ ఫోన్ ఛార్జింగుకూ సరిపడా ఇన్వర్టర్. తాగునీటికి వడపోసిన నీళ్ల డబ్బా, గాజు సీసాలు పెట్టి, సీసా నింపుకోమని చెప్పండి. ప్లాస్టిక్ సీసాలు అమ్మితే ఆ చెత్త మీ ఊరి చెరువు గట్టుకే చేరుతుంది.

ఇరవై నాలుగు గంటల కాగితం

విదేశీయుణ్ణి ఇంట్లో ఉంచుకున్నవాళ్లు, అది హోటలైనా సొంత ఇల్లయినా, అతను వచ్చిన 24 గంటల్లోపు ఆ వివరాలు విదేశీయుల నమోదు అధికారికి ఆన్‌లైన్‌లో పంపాలి. అందరూ ఫారం-సి అనేది దీన్నే. 2025 సెప్టెంబరు 1 నుంచి వలసలు, విదేశీయుల కొత్త చట్టం అమల్లోకి వచ్చాక కూడా ఈ బాధ్యత అలాగే ఉంది. ఇది అతిథుల మీద అనుమానంతో పెట్టింది కాదు. పాస్‌పోర్టు పోయినా, జబ్బు చేసినా, ఇంటి నుంచి ఎవరైనా వెతికినా మొదట చూసేది ఈ రికార్డే.

ముందుగా ఇమిగ్రేషన్ పోర్టల్‌లో మీ ఇంటి పేరుతో ఖాతా తెరవాలి. మీ జిల్లాలో దాన్ని ఆమోదించే అధికారి ఎవరో ఎస్పీ ఆఫీసులో కనుక్కోండి. ఆమోదానికి కొన్ని రోజులు పట్టవచ్చు. అందుకని మొదటి అతిథిని ఒప్పుకోక ముందే ఈ పని ముగించండి. బుకింగ్ ఖాయం కాగానే పాస్‌పోర్టు ఫొటో పేజీ, వీసా కాపీ పంపమని అడగండి. వచ్చాక ఇమిగ్రేషన్ స్టాంపు ఉన్న పేజీ ఫొటో తీసుకోండి. ఫారంలో పాస్‌పోర్టు, వీసా వివరాలతో పాటు దేశంలోకి ఎప్పుడొచ్చారు, మీ ఇంటికి ఎక్కడి నుంచి ఏ తేదీన ఎన్ని గంటలకు వచ్చారు, తర్వాత ఎక్కడికి వెళ్తున్నారు అన్నవి అడుగుతుంది.

పొరపాట్లు దాదాపు ఎప్పుడూ మూడుచోట్లే. పాస్‌పోర్టు నంబరులో సున్నాకూ ఆంగ్ల అక్షరం ఓ కూ తేడా చూడకపోవడం. ఇంటిపేరు, సొంతపేరు తారుమారు చెయ్యడం. తేదీలు: అమెరికన్లు చేత్తో రాసిస్తే నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. వాళ్లు రాసిచ్చింది పక్కన పెట్టి పాస్‌పోర్టులో అచ్చయినది చూసి ఎక్కించండి. సమర్పించాక కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకోండి.

మనిషిని చూసో, తెలుగు మాట్లాడుతున్నారనో నిర్ణయించకండి. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చిన మన తెలుగు కుటుంబంలో తల్లిదండ్రులకు ఒక దేశం పాస్‌పోర్టు, పిల్లలకు ఇంకో దేశం పాస్‌పోర్టు ఉండవచ్చు. ఒక్కొక్కరిదీ విడిగా చూడాలి. అన్నట్టు, ఈ కుటుంబాలను చాలా ఊళ్లు పర్యాటకులుగానే లెక్కపెట్టవు, చుట్టాలనుకుంటాయి. డిసెంబరు సెలవుల్లో వచ్చే ఆ పిల్లలకు మగ్గం చూపించే మనిషి కావాలి. భాష అడ్డు లేదు, కారం అలవాటే. మొదటి ఏడాది అతిథులుగా వీళ్లకంటే తేలికైనవాళ్లు దొరకరు.

మగ్గం మీద పూట

ఊరికి అసలు విలువ ఉన్నది ఇక్కడే. చెడగొట్టుకునేదీ ఇక్కడే.

నేతకారుడికి కూలీ చీరకింత అని లెక్క. గుంపు వచ్చి మగ్గం దగ్గర ఇరవై నిమిషాలు నిలబడి ఫొటోలు తీసుకుంటే ఆ ఇరవై నిమిషాలు అతని జేబులోంచి పోయినట్టే. రోజుకు ఆరు గుంపులొస్తే రెండు గంటలు. అందుకే చూపించే పనికి గంటకింత అని రేటు పెట్టి, అతిథి వెళ్లకముందే అతని చేతికివ్వండి. 'వాళ్లు ఏదైనా కొంటారులే' అన్న ఆశ మీద మగ్గం ఆపించకండి. కొంటే లాభం దుకాణానికి, ఆగిన పని నేతకారుడిది.

అతిథిని అమ్మకానికి నేసే చీర మీద ఎప్పుడూ కూర్చోబెట్టకండి. పోచంపల్లి నేత ఇక్కత్. అందులో నేతకు ముందే పడుగుకో (నిలువు పోగులు) పేకకో (అడ్డ పోగులు), కొన్నిటిలో రెండింటికీ, చిటికి కట్టి, అంటే రంగు ఎక్కకూడనిచోట పట్టీలు బిగించి, రంగు వేస్తారు. నేసేటప్పుడు ప్రతి పోగూ తన గుర్తు దగ్గర పడితేనే బొమ్మ కుదురుతుంది. కొత్త చెయ్యి ఒక్క పోగును వదులుగా లాగినా గీత పక్కకు జరుగుతుంది. నాలుగు పోగులు జరిగితే వారం కష్టం రెండో రకం సరుకవుతుంది. ఊరంతటికీ కలిపి ఒక మగ్గం విడిగా పెట్టండి. దానికి సాదా నూలు పడుగు, ముదురు రంగు సాదా పేక. అతిథి ఒక గంటలో జానెడు నేస్తారు. దాన్ని కోసి అంచు కుట్టి ఇచ్చెయ్యండి. గుంట మగ్గంలో కాళ్లు పట్టని పొడుగు మనుషుల కోసం స్టాండు మగ్గమైతే మేలు.

పూట పని ఉదయం 9 నుంచి పన్నెండున్నర దాకా ఈ వరుసలో పెట్టండి. మొదటి అరగంట ఆసు. మధ్యలో ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు ఉన్న చెక్క మీద పేక పోగును అటూ ఇటూ తిప్పడం. అతిథి చేత యాభైసార్లు తిప్పించండి, భుజం పట్టేస్తుంది. ఒక చీరకు వేలసార్లు తిప్పాలనీ, తరతరాలుగా అది ఇంట్లో ఆడవాళ్ల పనేననీ అప్పుడు చెప్పండి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టి 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం గురించి కూడా అప్పుడే చెప్పండి. యంత్రం ఉన్న ఇంటికి తీసుకెళ్లి నడిపి చూపండి. ఈ అరగంట తర్వాత ధర ఎందుకంత అని ఎవరూ అడగరు.

తర్వాతి గంట చిటికి కట్టడం. గుర్తులు గీసిన పోగుల కట్టకు సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీలు బిగించాలి. కట్టినచోట రంగు ఎక్కదు. చిన్న చట్రం మీద పది ముడులు వేయిస్తే చాలు. రంగు వేసే పని మాత్రం దూరం నుంచి చూపండి. నూలు రంగుల్లో కాస్టిక్ సోడా, హైడ్రోస్ అనే రసాయనాలు వాడేచోట ఆవిరి కళ్లకూ గొంతుకూ మంచిది కాదు. పిల్లలను అసలు దగ్గరికి రానివ్వకండి. పని చేసేవాళ్లకు గ్లౌజులు, బూట్లు ఉండాలి. అతిథి మొదట గమనించేది అదే. రంగు నీళ్లు వీధి కాలువలోకి పోతుంటే అదీ గమనిస్తారు.

మిగిలిన సమయం మగ్గం. పేక పోగు చుట్టిన కండెలు నంబరు వరుసలో ఎందుకు పెడతారో, వరుస తప్పితే బట్ట మీది బొమ్మలో ఏనుగు తొండం ఎలా తెగిపోతుందో చూపించి, అప్పుడు పేకను అటూ ఇటూ నడిపే నాడె చేతికివ్వండి.

సాయంత్రానికి ఊరి గైడు కావాలి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈ ఊళ్లో భూమి లేనివాళ్ల కోసం అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు. భూదానోద్యమం మొదలైంది అక్కడే. ఆ చోటు చూపిస్తూ చెప్పగల డిగ్రీ పిల్లలు ఇద్దరు దొరికితే చాలు, సిటీ గైడుకు వెళ్లే డబ్బు ఊళ్లో ఆగుతుంది.

వర్షాకాలంలో గుంటలోకి చెమ్మ ఊరుతుంది, నేత నెమ్మదిస్తుంది. మేలో ఎండ తట్టుకోలేరు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా బుకింగులు తీసుకుని మిగతా నెలలు గది మరమ్మతుకు ఉంచుకోండి.

భోజనం

కారం తగ్గించడం అందరికీ తెలిసిందే. అసలు ప్రమాదం అలర్జీలతో. బుకింగ్ రోజే అడిగి రాసుకోండి. పల్లీలు, నువ్వులు మన పచ్చళ్లలో, పొడుల్లో, వంకాయ కూరలో కనపడకుండా కలిసిపోతాయి. పల్లీ అలర్జీ ఉన్నవాళ్లకు అదే రోట్లో, అదే మిక్సీలో నూరిన ఇంకో పచ్చడి కూడా పెట్టకూడదు. గోధుమ పడనివాళ్లకు జొన్నరొట్టె వేస్తున్నాం కదా అనుకుంటారు. కానీ పోపులో వేసే ఇంగువ పొడిలో చాలాసార్లు గోధుమపిండి కలిపి ఉంటుంది. డబ్బా మీద చదవండి. వీగన్ అన్నవాళ్లకు పప్పులో నెయ్యి, మజ్జిగ, పెరుగు పనికిరావు. కోసి ఉంచిన పండ్లు, పచ్చి ఉల్లిపాయ, కుళాయి నీళ్ల ఐసు మొదటి రోజు ఎవరికీ పెట్టకండి. వంటింటికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నమోదు చేయించుకోండి.

బియ్యం, కూరగాయలు, పాలు, గుడ్లు ఊళ్లోనే కొనండి, చీటీలు దాచండి. మొదట్లో వేసిన లెక్కలో ఊరి వాటా పెరిగేది వీటితోనే.

అమ్మకం, డబ్బు

చీర ఆరు గజాలు. కట్టుకోవడం రాని మనిషి ముచ్చటపడతాడు కానీ కొనడు. స్టోలు, దుపట్టా, దిండు గలీబు, మీటరు లెక్కన బట్ట పెట్టండి. ప్రతి ముక్కకూ చీటీ కట్టండి: పట్టా నూలా, ఎవరు నేశారు, ఎన్ని రోజులు పట్టింది, ఎలా ఉతకాలి, ధర ఎంత. ధర ఒక్కటే ఉండాలి, తెలుగువాళ్లకైనా విదేశీయులకైనా. ఇంటర్నెట్‌లో అందరూ పోల్చి చూస్తారు. రెండు ధరలు బయటపడితే ఊరి పేరు పోతుంది.

అచ్చు వేసిన నకిలీని గుర్తుపట్టడం అతిథికి మీరే నేర్పండి. బట్ట తిరగేసి చూపండి. నేసిన ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు మసగ్గా ఉంటాయి. అచ్చు వేసినదానికి ఒక వైపు వెలిసినట్టుంటుంది, గీత కత్తిరించినట్టుంటుంది. మీ ఊరి దుకాణంలోనే అలాంటి సరుకు ఉంటే ఈ పాఠం చెప్పేముందు తీసెయ్యండి.

డ్రైవర్లకు, గైడ్లకు అమ్మకం మీద కమీషన్ ఇవ్వడం మొదలుపెట్టకండి. ఒకసారి మొదలైతే ఎక్కువ ఇచ్చే దుకాణానికే బండి ఆగుతుంది, ఆ కమీషన్ ధరలో కలుస్తుంది, చివరికి కోత పడేది నేత కూలీకి. డ్రైవరుకు భోజనం, పడుకోవడానికి చోటు ఇవ్వండి. గైడుకు రోజు రుసుము ఇవ్వండి.

డాలరు, యూరో నోట్లు తీసుకోకండి. వాటిని మార్చే అధికారం రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్నవాళ్లకే. కార్డు మిషన్ పెడితే అంతర్జాతీయ కార్డులు తీసుకునేలా చెయ్యమని బ్యాంకుకు విడిగా చెప్పాలి. లేకపోతే సరిగ్గా అతిథి ముందే అది పనిచెయ్యదు. మన దేశపు ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా లేని విదేశీయులకు యూపీఐ వన్ వరల్డ్ అనే వాలెట్ ఉంది. అది ఉంటే మామూలు క్యూఆర్ కోడ్‌కే కడతారు. మీ ఊరికి రాకముందే దాన్ని తీసుకోమని, వాళ్లు తమ దేశం నుంచి బయల్దేరక ముందు పంపే సందేశంలో రాయండి.

అదే సందేశంలో ఇంకో రెండు రాయండి: డ్రోన్ తేవద్దు, అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ తేవద్దు. ట్రెక్కింగ్ చేసేవాళ్లు తమ దేశంలో మామూలుగా జేబులో పెట్టుకునే ఉపగ్రహ పరికరాలు మన విమానాశ్రయాల్లో కేసులదాకా తెస్తాయి. పర్యాటకుల సహాయ నంబరు 1363, అత్యవసరానికి 112 గది గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఊరంతటికీ అందాలంటే

రెండిళ్లే బాగుపడితే మిగతా ఊరు తలుపులు వేసుకుంటుంది. మూడు పనులు తప్పకుండా చెయ్యండి. అతిథులను ఇళ్లకు వంతుల ప్రకారం పంపండి. వంతుల పట్టిక అందరికీ కనిపించేచోట పెట్టండి. అతిథి రాత్రికి ఇంత అని, రూ. 100 అయినా సరే, ఊరి నిధికి తీసి, దాంతో చెత్త తరలింపు, వీధి మరుగుదొడ్డి, పాత మగ్గాల మరమ్మతు చెయ్యండి. నెలాఖరున జమాఖర్చు పంచాయతీ బోర్డు మీద రాయండి. డబ్బు మనిషి మనిషికీ వాళ్ల సొంత ఖాతాలోనే వెయ్యండి. ఆసు పోసిన ఆమెకు రావాల్సింది ఇంటాయన ఖాతాలో పడకూడదు.

పిల్లలకు చాక్లెట్లు, పెన్నులు ఇవ్వొద్దని అతిథులకు ముందే చెప్పండి. ఒక్క సీజన్ ఇస్తే చాలు, రెండో సీజన్‌కు పిల్లలు బడి మానేసి కార్ల వెంట పరుగెత్తుతారు. ఇవ్వాలనుకున్నవాళ్లు బడికి ఇవ్వవచ్చు. ఇంట్లోకి వెళ్లే ముందు, ఫొటో తీసే ముందు అడగాలని గైడు ప్రతిసారీ చెప్పాలి.

2020లో దేశానికి వచ్చిన విదేశీయులు 27 లక్షలే, అంతకుముందు ఏడాదిలో నాలుగో వంతు. విమానాలు ఆగిన మర్నాడు ఏ ఊరికైనా ఇదే గతి. కాబట్టి ఏ కుటుంబ ఆదాయంలోనూ మూడో వంతుకు మించి విదేశీ అతిథుల మీద ఆధారపడనివ్వకండి. సొసైటీ ఆర్డర్లు, పెళ్లిళ్ల చీరలు వదులుకోకండి. గది కట్టడానికి మగ్గం అమ్మిన ఇల్లు తర్వాత రెండూ లేక మిగులుతుంది.

అతిథి వెళ్లాక

వెళ్లిన అతిథే మీ దగ్గర మళ్లీ కొనే మనిషి. వాళ్ల ఈమెయిల్, నచ్చిన రంగులు రాసిపెట్టుకుని, రెండు నెలలకు కొత్త నేత ఫొటోలు పంపండి. ఆర్డర్ వస్తే విదేశానికి పంపడానికి ఎగుమతి, దిగుమతి కోడ్ కావాలి. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ పోర్టల్‌లో రూ. 500 రుసుముతో వస్తుంది. ఒక్కో ఇంటికి విడిగా అక్కర్లేదు, సహకార సంఘం పేరుతో ఒకటి చాలు. పోస్టాఫీసుల్లో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు పెట్టారు. చిన్న పార్సెళ్లకు ఎగుమతి పత్రాలు అక్కడే చేస్తారు. అక్కడి దేశపు కస్టమ్స్ సుంకం కొన్నవాళ్లే కట్టాలని ఆర్డర్ తీసుకునేటప్పుడే రాసి ఒప్పించుకోండి. లేకపోతే పార్సెల్ తిరిగొస్తుంది, రెండు వైపుల ఖర్చూ మీకే పడుతుంది. బట్టను నిలువు మడతల్లో కాకుండా గొట్టానికి చుట్టి, లోపల పలచని ప్లాస్టిక్, పైన మందపాటి గుడ్డ కుట్టి పంపండి. చీటీ మాత్రం లోపల పెట్టడం మరవకండి. నేసినవాళ్ల పేరు చదివాకే రెండో ఆర్డర్ ఇస్తారు.